ఆ మిద్దె ఎవరిది

"నీ వేళ్ళిరగ! ఆ దూది పట్టి చూడమని నిన్నెవరడిగినారే?"

మస్తాన్ వలీ అరుపుకు పక్క ఫ్లాట్‌లో టీవీ చప్పుడు టక్కున తగ్గింది. వింటున్నారు. ఖాసింబీ పరుగున పోయి వంటింటి కిటికీ మూసింది. జెద్దా షరఫియ్యాలోని ఆ పాత బిల్డింగులో ఒక ఇంట్లో తుమ్మితే నాలుగిళ్ళలో దువా చదువుతారు.

"మెల్లగా అనయ్యా, నీకు దండం పెడతా."

"మెల్లగా ఏంది? దాచిపెట్టేదానికి ఇంగేం మిగిలింది? నిన్న నువ్వే కదా దండోరా ఏసొచ్చినావు!"

జుమ్మా నమాజు నుంచి వచ్చిన మనిషి టోపీ కూడా తీయలేదు. మసీదు బయట నౌమాన్ సాబ్ ఎదురై ఒక్కటే మాట అన్నాడట. "ఖాన్ భాయ్, అసర్ నమాజు తర్వాత మా ఇంటామె మీ ఇంటికొస్తుంది. ఒక సంగతి అడగాలంట." అంతే. చెయ్యి కూడా కలపలేదట.

వచ్చే నెల కూతురి నిఖా పెట్టుకుని, కాబోయే వియ్యంకుడు చెయ్యి కలపకుండా పోతే దానికి అర్థమేమిటి? పైగా నౌమాన్ సాబ్ ఉత్త వియ్యంకుడా? మస్తాన్ వలీ ఏసీలు బాగుచేసే కంపెనీ యజమానికి ఆయన మాటంటే మాటే, ఆయన వద్దంటే ఎవరి కాగితాలూ కదలవు. ఇంట్లో ముగ్గురి ఇఖామాలూ, ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, ఈ నెలాఖరుకే రెన్యూవల్‌కి పోవాలి.

ఖాసింబీ మనసు ఒకచోట నిలిచే మనసు కాదు. చెయ్యి కలపలేదన్న మాట చెవిన పడిందో లేదో, అది నిఖా తప్పిపోవడం, ఇఖామాలు ఆగిపోవడం, సామాన్లు అట్టపెట్టెల్లో కట్టుకుని మళ్ళీ రాను వీల్లేని ఫైనల్ ఎగ్జిట్ మీద విమానం ఎక్కడం, పిల్ల ఏదో అఘాయిత్యం చేసుకోవడం దాకా పోయి వచ్చింది. ఈ మాట రాకముందే, నిన్నటి భయానికే, పొద్దున బాత్రూంలోని ఫినాయిల్ సీసా తెచ్చి బియ్యం డబ్బాలో దాచిపెట్టింది కూడా.

ఇంతా చేస్తే నిన్న ఆమె చేసిందేమిటి? నౌమాన్ సాబ్ భార్య సుగ్రా బేగం, కొత్త జంట కోసమని హైదరాబాదు నుంచి తెప్పించిన నాలుగు దూది రజాయిలను తన హాల్లో పరిచి అందరికీ చూపించింది. ఎర్ర మఖ్మలు మీద జరీ అంచు. వచ్చిన ఆడవాళ్ళు 'మాషాఅల్లా' అంటూ పైగుడ్డ నిమిరారు. ఖాసింబీ చెయ్యి మాత్రం పైగుడ్డ మీద ఆగలేదు. కుట్టు వదులైన మూల నుంచి రవ్వంత దూది లాగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాగదీసింది. వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇది కొత్త పత్తి కాదక్కా. పాత పరుపుల దూదే మళ్ళీ ఏకినారు. పోగు సూడు, గోరంత కూడా లేదు. ఒక్క చలికాలానికే ఉండలు కడతాది. మోసం చేసినారు నిన్ను."

మంచికే చెప్పింది. డబ్బు పోసి మోసపోయిందే పాపం అని చెప్పింది. కానీ రజాయిల మీది చేతులన్నీ వెనక్కి పోయాయి. సుగ్రా బేగం తన బజారు తెలుగులో నెమ్మదిగా అడిగింది. "నీకెట్ల ఎరుక అమ్మా ఇదంతా?"

"మా నాయన..." అని ఖాసింబీ నాలిక కరుచుకుంది. కరుచుకునేసరికి ఆలస్యమైపోయింది. మూలన కూర్చున్న ముసలామె ఎవరో పక్కనావిడ చెవిలో ఒక మాట అన్నది. ఆ మాట ఖాసింబీకి వినపడలేదు. వినపడాల్సిన పని లేదు. పుట్టినప్పటి నుంచి తెలిసిన మాటే అది.

"పింజారీ అన్నారంట. తెలుసా నీకు?" మస్తాన్ వలీ టోపీ తీసి సోఫా మీదికి విసిరాడు. "ఇరవై రెండేండ్లు! ఇరవై రెండేండ్లు ఖాన్ భాయ్, ఖాన్ భాయ్ అని పిలిపించుకున్నా. నా ఇఖామా మీద ఏం పేరుందో ఒక్క హైదరాబాదోనికి చూపియ్యలే. పర్సులో తిరగేసి పెట్టుకుంటా. దుప్పటి మూలన చిటికెడు దూది లాగి అంతా నాశనం చేస్తివి."

"దూదేకుల మస్తాన్ వలీ అని నీ పేరుంటే అది నా తప్పా?"

"నోరుముయ్!"

"నేను దొంగతనం చేసినానా? లంజతనం చేసినానా? దూది చూసి దూది అన్నా."

ఇంత మాట తన నోట ఎలా వచ్చిందో ఖాసింబీకే తెలియలేదు. మొగుడు కొడతాడేమోనని ఒక అడుగు వెనక్కి వేసింది. అతను కొట్టలేదు. సోఫా చేతి మీద కూలబడి, నేల చూస్తూ మాట్లాడాడు.

"నేను వచ్చిన కొత్తలో కూలోళ్ళ క్యాంపులో ఒక గదికి పన్నెండు మందిమి. క్యాంప్ బాసు పాస్‌పోర్టు పేర్లు పైకి చదివినాడు. నా పేరు వినంగానే గదంతా నవ్వినారు. సాయంత్రం నమాజుకి నిలబడితే ఒకడు అడిగినాడు, 'మీకు నమాజు కూడా వస్తాదా? పీర్లకు మొక్కేది కదా మీ మతం?' అని. చిన్నప్పటి నుంచి కళ్ళు మూసుకుని చదివేటోణ్ణి, ఆ పొద్దు నమాజులో మొట్టమొదట చదివే ఫాతిహానే మర్చిపోయినా. దాని తర్వాతే క్యాంపు మారినా, ఖాన్ అయినా. నీకేం తెలుసే?"

ఈ మాట ఇన్నేళ్ళలో ఆమెకు చెప్పలేదు. ఖాసింబీ గుండె కరిగింది. కరిగిన గుండెతోనే ఇంకో మాట కూడా అర్థమైంది. ఇంత కడుపుమంట పెట్టుకున్న మనిషి ఇప్పుడు ఏదో చెయ్యబోతున్నాడు.

"సరే. ఇప్పుడేమంటావు?"

"నేను చెప్పింది చెప్పు. ఆ మిద్దె ఫోటో వాళ్ళకు చూపించినాం కదా, మీ తాతల హవేలీ అని. అది అట్లనే ఉండనీ. ఆ హవేలీ పంచన ఒక దూదేకులోళ్ళ కుటుంబం బతికేది. మీ ఇంట్లో పనోళ్ళు. చిన్నప్పుడు నువ్వు వాళ్ళ దగ్గర ఆడుకుంటా ఉంటివి. వాళ్ళను చూసి నేర్చుకున్నావు. అంతే. రెండు ముక్కలు."

ఖాసింబీ అతని మొహంలోకి చూసింది.

"పనోళ్ళా?"

"ఆఁ."

"అంటే మా నాయన నాకు పనోడా?"

"చచ్చిపోయినోనికి ఏం తెలుస్తాదే! బతికుండే పిల్ల గురించి ఆలోచించు."

"ఇల్లు కావాల్నా నీకు? ఇంట్లో మనుషులు వద్దా?"

మస్తాన్ వలీ నమాజుకు వజూ చేసుకునే వంకతో బాత్రూంలోకి పోయి తలుపు వేసుకున్నాడు. నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు చాలాసేపు వచ్చింది.

"అమ్మా, బియ్యం డబ్బాలో ఫినాయిల్ పెట్టినావేంటికి?"

ఖాలిదా వంటింటి గడపలో సీసా పట్టుకుని నిలబడింది. ఇరవై ఏళ్ళ పిల్ల. జెద్దాలోనే పెరిగినా నోట్లో తెలుగు మాత్రం తల్లిదే. ఇంట్లో 'నాయనా, అమ్మా' అంటుంది. బయటివాళ్ళు ఉంటే 'అబ్బూ, అమ్మీ' అనాలని తండ్రి నేర్పాడు. ఐదేళ్ళప్పుడు ఒకసారి మర్చిపోయి సూపర్‌మార్కెట్లో 'నాయనా' అని కేకేసినందుకు చెవి మెలిపెట్టాడు.

"ఊరికే పెట్టినా. ఆడ ఉండనీ."

"నేను తాగుతాననా?"

"ఛీ, నోర్ముయ్! ఏం మాటలవి!" ఖాసింబీ సీసా లాక్కుంది.

ఖాలిదా నవ్వలేదు. తలుపుకు ఆనుకుని, "నాయన చెప్పిందంతా ఇన్నా," అన్నది. "చెప్తావా నువ్వు? తాత పనోడని?"

ఖాసింబీ వంటింట్లోకి పోయి పొయ్యి తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడిచింది. కోపమొస్తే ఆమెకు చేతులు ఊరుకోవు.

"ఆ ఇల్లు నీకేం తెలుసే," అంది చివరికి. "ఫోటో చూసి ఇంత తలుపు, ఇంత గోడ అనుకుంటారు అందరూ. మా మిద్దెకు కప్పు నడిమధ్యన గవాచి, వెలుతురు దిగే కంత, ఉంటాది. పొద్దున్నే అందులోంచి ఎండ నిలువు కడ్డీ మాదిరి దిగుతాది. కింద మా నాయన విల్లు పట్టుకుని ఏకుతా ఉంటే దూది పైకి లేచి ఆ ఎండలో తిరుగుతాది. నేనూ మా అన్న అల్లాబకాషూ నోరు తెరుచుకుని దాన్ని పట్టేదానికి దుంకుతాంటిమి. మధ్యాహ్నానికి మా కనురెప్పలు తెల్లగా ముసలోళ్ళ రెప్పలయ్యేవి. మా యమ్మ కొంగుతో తుడుస్తా తిట్టేది. ఆ విల్లు తాడు మోగితే నా కడుపులో మోగేది. వీధి మొగలో ఉన్నా తెలిసేది, నాయన పనిలో ఉండాడు, ఇంట్లో పొయ్యి వెలుగుతాది అని."

"పీర్ల గది కూడా ఆ మిద్దెలోనే కదా?"

"తూర్పు పక్క. పచ్చగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేవాళ్ళు. పండగ పది దినాలు ఊరు ఊరంతా మా గడపలోనే. రెడ్డోళ్ళ పెద్దకోడలు పసిబిడ్డను ఎత్తుకుని చెప్పులు లేకుండా వచ్చేది. మా నాయన నెమలీకలతో ఆ బిడ్డ తల నిమిరితే కాళ్ళ మీద పడేది. పదకొండోనాడు అదే మనిషి బావి కాడ మా యమ్మను చూసి ఏమనేదో తెలుసా? 'పింజారిదానా, జరుగు.'" ఖాసింబీ గుడ్డను సింకులోకి విసిరింది. "ఊళ్ళో మమ్మల్ని సాయిబులనేవాళ్ళు. టౌనుకు పోతే మీరేం సాయిబులనేవాళ్ళు. ఎవరికి కోపమొచ్చినా, ఎవర్ని తిట్టాలన్నా మా పేరే తిట్టు. పరుపు మాత్రం మేము ఏకిందే కావాల. మెత్తగా పండుకుని మమ్మల్నే తిడతారు."

ఆమె గొంతు పెరిగింది. బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది. అయినా ఆమె ఆగలేదు.

"ఎప్పుడో నూటయాభై ఏండ్ల నాటి ధాత కరువులో ఊళ్ళో గింజ లేకపోతే మా తాతకు తాత ఇంట్లో ఉండే రాగి, ఇత్తడి అంతా అమ్మి గంజి కాచి పోసినాడంట. ఒక్క పీర్ల పెట్టె మాత్రం అమ్మలేదంట. గుమ్మం ముందర బండ మీద ఆ గంజికడవ పెట్టి పెట్టి అరిగిన గుంత ఉంది. నేను గచ్చకాయలు ఆడింది ఆ గుంతలోనే. అది హవేలీ కాదు, నవాబుది కాదు. దూదేకులోళ్ళ మిద్దె. దూదేకులోళ్ళే కట్టినారు."

కూతురు సింకులోని గుడ్డ తీసి పిండింది.

"అమ్మా, ఆసిఫ్‌కి తెలుసు."

ఖాసింబీ గిర్రున తిరిగింది. "ఏం తెలుసు?"

"అంతా. మాట ఖాయమైన వారానికే నేనే చెప్పినా."

"ఏమన్నాడు?"

"నాకేం పర్లేదన్నాడు." ఖాలిదా తల వంచుకుంది. "వాళ్ళ అమ్మీకి మాత్రం చెప్పొద్దన్నాడు."

మొగుడూ చెప్పొద్దంటాడు. కాబోయే అల్లుడూ చెప్పొద్దంటాడు. ఖాసింబీకి ఆ మాట మంచిదో చెడ్డదో తేలలేదు. తేలేలోపే డోర్‌బెల్ మోగింది.

సుగ్రా బేగం అబాయా విప్పలేదు. విప్పితే కూర్చున్నట్టు, కూర్చుంటే టీ తాగినట్టు. ఆమె వెనక ఆసిఫ్ కారు తాళాలు గుప్పిట్లో పట్టుకుని వచ్చి, తలుపు పక్క కుర్చీలో అంచుమీద కూర్చున్నాడు.

"చాయ్ తెస్తానక్కా," అంది ఖాసింబీ.

"వద్దమ్మా. మాట అయినంక తాగుదాం. తాగేది ఉంటే." సుగ్రా బేగం ఫోను తీసి మిద్దె ఫోటో అందరికీ కనపడేటట్టు బల్ల మీద పెట్టింది. "ఖాన్ భాయ్, నాకు తిప్పి తిప్పి మాట్లాడుడు రాదు. ఈ ఇల్లు ఎవరిది?"

మస్తాన్ వలీ గొంతు సవరించుకున్నాడు. ఇందాక అరిచిన గొంతేనా అనిపించేంత మెత్తగా మాట్లాడాడు.

"చెప్పినా కదా బాజీ. ఈమె తాతలది. వాళ్ళింట్లో దూదేకులోళ్ళు పనికి ఉండేవాళ్ళు. చిన్నప్పుడు వాళ్ళతో ఆడి ఆడి ఈమెకు ఆ దూది పిచ్చి పట్టుకుంది. అంతకంటే ఏం లేదు."

"అట్లనా." ఆమె ఖాసింబీ వైపు చూసింది. "నాకు కూడా అట్లనే ఉంటే మంచిగుండు. నీ బిడ్డ నాకు నచ్చింది, అబద్ధమెందుకు. కానీ రేపు మా అక్కచెల్లెండ్లు అడుగుతరు. వియ్యపోళ్ళు ఎవరంటే నేనేం చెప్పాలె? నన్ను మోసం జేసిండ్రంటే నా ఇజ్జత్ ఏంగావాలె? మావోనికి కూడా ఏం ఎరుక లేకపాయె, పాపం."

ఖాలిదా తలెత్తి ఆసిఫ్‌ని చూసింది.

అతను తాళాలు వేలికి తిప్పుతున్నాడు. ఒకసారి నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూసుకుని, కార్పెట్ మీది పువ్వును చూస్తూ ఉండిపోయాడు.

ఖాలిదా ఇంకొంచెంసేపు చూసింది. తర్వాత చూడటం మానేసింది. ఆ మానెయ్యడం ఖాసింబీ ఒక్కతే గమనించింది.

"ఇట్ల గాదు," సుగ్రా బేగం అంది. "ఆడపిల్ల సంగతిల నోటి మాట నాకు చాలదు. ఖాసింబీ, ఇట్ల రా. నీ బిడ్డ తల మీద చెయ్యి పెట్టు. పెట్టి చెప్పు. ఆ ఇంట్ల దూదేకేటోళ్ళు మీ పనోళ్ళా, మీరేనా? నువ్వేం చెప్తే అదే నమ్ముత. మళ్ళ ఎన్నడూ అడుగ."

మస్తాన్ వలీ కళ్ళతోనే పెళ్ళాన్ని తరిమాడు. పెట్టు. చెప్పు.

బిడ్డకు జ్వరమొస్తే మూడు దినాలు నిద్రపోని మనిషి ఖాసింబీ. స్కూలు బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే రోడ్డు మీద రక్తం ఊహించుకున్న మనిషి. అలాంటిది, ఆ తల మీద చెయ్యి పెట్టి అబద్ధమా? చెయ్యి తీసేలోపే పిల్ల కూలిపోతుందన్నంత భయం. నిజం చెబితే నిఖా పోతుంది, ఇఖామాలు పోతాయి. అటు నుయ్యి, ఇటు గొయ్యి. ఆమె లేచి కూతురు దగ్గరకు నడిచింది. చెయ్యి ఎత్తింది. ఖాలిదా జుట్టు అరచేతికి తగిలింది, వెచ్చగా.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఒట్టెందుకక్కా," అంది. "ఆ మిద్దె మా నాయనది. దూదేకుల ఫకీరప్పది. పనోళ్ళు ఎవరూ లేరు ఆడ. మేమే. ఏకింది మేమే, పీర్లను ఎత్తింది మేమే, కరువులో గంజి పోసింది మేమే. నీ రజాయిల దూది పాతదని నేను చెప్పింది కూడా నిజమే. కావాలంటే ఇంకోచోట చూపించుకో."

సుగ్రా బేగం మొహంలో రంగు మారింది. ఆమె ఏదో అనబోయేలోపే మస్తాన్ వలీ దిగ్గున లేచాడు.

"బాజీ, వినొద్దు ఈమె మాట! ఈమెకు తల సరిగ్గా లేదు. ఎప్పుడూ ఏదో ఒక భయం. పొద్దున ఫినాయిల్ సీసా తెచ్చి బియ్యంలో దాచింది, అడుగు కావాలంటే! డాక్టరు దగ్గర చూపించాలని ఎన్ని దినాల నుంచో అనుకుంటున్నా. పిల్లప్పుడు పనోళ్ళింట్లో పెరిగి, వాళ్ళే మావాళ్ళు అనుకుంటాంది. అల్లా సాక్షి, నేను చెప్పిందే నిజం!"

సుగ్రా బేగం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఖాసింబీ మొగుణ్ణి చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె భయాల్లో సగం ఇతని గురించే. ఎండలో డాబాల మీద ఏసీలు బిగిస్తూ పడిపోతాడేమో, కరెంటు కొడుతుందేమో, ఒక్క ఫోను రాకపోతే చచ్చిపోయాడేమో అని. ఆ భయాలనే మూట కట్టి, ఇప్పుడు అందరి ముందూ ఆమె నెత్తిన కొట్టాడు.

ఆమె పక్కకు జరిగింది. తను నిలబడ్డ చోటును మొగుడికి వదిలింది.

"అట్లనా? అయితే నువ్వు పెట్టు చెయ్యి."

"ఏందే నువ్వు..."

"నాకు తల సరిగ్గా లేదు కదా. నీకు ఉంది కదా. బాజీకి నోటి మాట చాలదంట. బిడ్డ నీది కూడా. పెట్టు. పెట్టి చెప్పు, నా తండ్రి పనోడని. నువ్వెవరో కూడా చెప్పు."

సుగ్రా బేగం ఫోను బల్ల మీద నుంచి తీసుకోలేదు. కళ్ళార్పకుండా ఖాన్ భాయ్‌ని చూస్తూ ఉంది. ఆసిఫ్ చేతిలో తాళాలు ఆగాయి.

ఖాలిదా తన చోటు నుంచి లేచింది. ఎవరి వైపూ చూడలేదు. కార్పెట్ దాటి వచ్చి తండ్రి ముందు నిలబడి, చున్నీ వెనక్కి జరుపుకుని, తల వంచింది.

"పెట్టు నాయనా," అంది.

అబ్బూ అనలేదు. బయటివాళ్ళ ముందు, గట్టిగా, 'నాయనా' అంది.

మస్తాన్ వలీ కుడిచెయ్యి పైకి లేచింది. కూతురి తలకు జానెడు ఎత్తున, గాలిలో, అక్కడే నిలబడిపోయింది.